కార్డు లేనిదే చేప ఇవ్వం

"దీని తోక ఏది?"

ఆమె గాజు సీసాను కౌంటరు మీద ఠక్కున పెట్టింది. సీసా అడుగున ఒక గప్పీ చేప చచ్చి పడి ఉంది. మొన్నటిదాకా విసనకర్రలా విప్పుకునే నారింజ రంగు తోకలో ఇప్పుడు రెండు పీచులే మిగిలాయి.

పెంపుడు చేపల కొట్టాయన అప్పటికే చిర్రుబుర్రులాడుతున్నాడు. వేలెడంత కూడా లేని నియాన్ చేపల తొట్టిలోకి అరచేయంత ఏంజెల్ చేప కావాలని ఒక కళ్ళజోడు పెద్దమనిషి పది నిమిషాలుగా పట్టుబడుతున్నాడు. నోట్లో పట్టే చేప ఏదైనా దానికి మేతేనని, బతిమాలినా ఇచ్చేది లేదని కొట్టాయన తేల్చేశాడు. సీసా చూశాక ఆ కోపం కాస్తా ఇటు తిరిగింది.

"టైగర్ బార్బులు కొరికాయి. వాటిని తెచ్చి గప్పీల్లో వేయమని ఎవరు చెప్పారు మీకు?"

"మీరే. శనివారం మా ఆయనకి గప్పీలని చెప్పి అంటగట్టింది మీరే."

ఆపైన ఆమె ఆగలేదు. ఆ గప్పీలు కూతురి ప్రాణం. రోజూ బడికి వెళ్ళే ముందు ముక్కాలిపీట ఎక్కి, మూత లేని ఆ తొట్టిలోకి తనే మేత చల్లేది. భర్త శనివారం కూడా ఆఫీసంటూ పొద్దున్నే వెళ్ళి, సాయంత్రం చేపల సంచితో వచ్చాడు. ఆయన స్నానానికి వెళ్ళిన కాసేపట్లో తల్లీకూతుళ్ళే సంచి మూతి విప్పి చేపల్ని నీళ్ళలోకి వదిలారు. చారలు చూసి కొత్తరకం గప్పీలని మురిసిపోయారు కూడా. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి తొట్టి చూశాడు, మొహం మాడిపోయింది. కొట్టువాడు తప్పు సంచి ఇచ్చాడన్నాడు. వల వెతికి వాటిని బకెట్లోకి తీసేలోపే కడుపుతో ఉన్న గప్పీ తోక పోయింది. మరో నాలుగింటి రెక్కలు చిరిగిపోయాయి. ఒక్కొక్కటిగా చచ్చాయి. చివరిది ఇదే.

"మూడు రోజులుగా పాప బడికి వెళ్ళలేదు. పిల్లలు పెడుతుందని ఎదురుచూసిన చేప అది. దాని తోక ఎవరు తిన్నారో నేనేం చెప్పను పాపకి?"

నిజానికి ఆమె ఆ రోజే వచ్చి నిలదీసేది. భర్త వద్దంటే వద్దన్నాడు. గొడవెందుకు, నేనే వెళ్ళి మాట్లాడతానులే అంటూ మూడు రోజులు నీళ్ళు నమిలాడు. ఎదుటివాడితో గట్టిగా ఒక్క మాట అనలేని మనిషి. ఆ మెతకతనం చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మంట కూడా కలిపి ఇప్పుడు కొట్టాయన మీద కుమ్మరించింది.

కళ్ళజోడు పెద్దమనిషికి ప్రాణం లేచివచ్చింది. "ఇందాక నాకు చెప్పిన నీతులన్నీ ఏమయ్యాయో," అని అందరికీ వినబడేలా గొణిగాడు.

కొట్టాయన మొహం కందగడ్డలా అయింది. తల మీద గోడకు వేలాడుతున్న బోర్డును వేలితో పొడిచి చూపించాడు. 'కార్డు లేనిదే చేప ఇవ్వం.' ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. ఎవరొచ్చినా ముందు తొట్టి కొలత, అందులో ఉన్న చేపలు కార్డు మీద రాసుకుంటాడు. వాటితో పొసగని చేపను ఎంత పెద్దవాళ్ళడిగినా ఇవ్వడు.

"సారు ఫోన్ నంబరు చెప్పండి. తప్పు నాదైతే ఈ పూటే కొట్టు మూసేస్తాను."

ఆమె నంబరు చెప్పింది. సొరుగులోంచి ఒకే పిన్నుకు గుచ్చిన రెండు కార్డులు తీసి ఆమె ముందు పడేశాడు.

"చదవండి. ఇది రెండడుగుల తొట్టి, గప్పీలు. శనివారం ఇంకో ఆరు గప్పీలిచ్చాను. ఇది నాలుగడుగుల తొట్టి, టైగర్ బార్బులు ఎనిమిది. గుంపు చాలకపోతే వాటిలో అవే పీక్కుంటాయని అదే రోజు ఇంకో నాలుగిచ్చాను. పాప చేతులు పెడుతోందని సారు చెబితే దీనికి మూత కూడా నేనే చేయించాను."

ఆమె చదివింది. తేదీ ఒకటే. రెండింటి కిందా సంతకం భర్తదే, చివర లాగే ఆ గీతతో సహా.

"వెలుతురుకి బెదరకుండా సంచులకి పేపరు చుట్టి ఇస్తాను. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఏ సంచి ఎందులో పోయాలో తారుమారు చేసింది సారు. మాటలు పడేది నేనా?"

ఆమె రెండో కార్డును పిన్నులోంచి ఊడదీసి మళ్ళీ చదవసాగింది. ఇక్కడ ఇంకేమీ జరగదని తేలాక కళ్ళజోడు పెద్దమనిషి మెల్లగా జారుకున్నాడు.

తప్పు తెలిసి సిగ్గుపడుతోందనుకుని కొట్టాయన కూడా తగ్గాడు. ఆ ఆరు గప్పీల్నీ బార్బుల తొట్టిలో పోసి ఉంటారని, ఈపాటికి వాటిలో ఒక్కటీ మిగిలి ఉండదని, వెళ్ళగానే ఒకసారి చూసుకోమని చెప్పాడు.

"ఇంట్లో రెండు తొట్లున్నప్పుడు సంచి మీద రాయించుకోవాలమ్మా," అన్నాడు సీసాను ఆమె వైపు జరుపుతూ.

ఆమె ఇంట్లో ఉన్నది ఒక్క తొట్టే.