పుస్తకానికి పెట్టిన దణ్ణం

విజయదుర్గ నుదుటిమీద బొట్టుబిళ్ళ లేదు. బాత్‌రూం అద్దంలో చూసుకోగానే గుండె గుభేలుమంది. పొద్దున పెట్టుకున్న నల్లబిళ్ళ, పెసరగింజంత. ఎక్కడ ఊడిందో ఇట్టే తెలిసిపోయింది. పొద్దుట్నుంచీ ఆమె తల ఆనించింది ఒక్కచోటేగా!

దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో పాతకాలపు వస్తువులు దాచే గోడౌన్ అది. తుడవడం ఆమె పని. గంట క్రితం, ఫొటోల కోసం బల్లమీద తెరిచిపెట్టిన తోలు పుస్తకం చుట్టూ తుడుస్తుంటే కాలు బల్లకి తగిలింది. ఆరువందల ఏళ్ళ కిందట ఏదో చలిదేశపు మఠంలో సన్యాసులు లాటిన్‌లో రాసుకున్న ప్రార్థనలూ, పాటలూనట. అక్షరాలపైన ఎర్రగీతలు, గీతలమీద నల్లటి స్వరాల గుర్తులు. దేవుడి పుస్తకం ఉన్న బల్లకి కాలు తగిలాక ఊరుకుంటుందా? గబుక్కున వంగి పేజీకి నుదురానించి దణ్ణం పెట్టేసింది. ఏ దేవుడైతేనేం!

ఇప్పుడు పరుగెత్తుకొచ్చింది. గదికి తాళం. తలుపు దగ్గర సూపర్‌వైజర్ జిలానీ బాషా.

“బాషాగారండీ, ఒక్కసారి తలుపు తియ్యండి. నా బొట్టుబిళ్ళ ఆ పుస్తకంలో ఉండిపోయిందండి!”

బాషా మొహం పాలిపోయింది. “యా అల్లా! దాన్ని ముట్టుకోగూడదని చెప్పలేదా నీకు?”

“చేత్తో ముట్టుకోలేదండి. నుదురే.”

“ఇంకా నయం! ఫొటోలు తీసేసినారు. వేరే పేజీ తెరిచి అద్దాలపెట్టెలో పెట్టి సీలు కూడా ఏసినారు. గమ్మునుండు. ముదీర్‌కు, అదే మేనేజర్‌కు, తెలిస్తే నీ వీసా ఖలాస్. నిన్ను లోపలికి పంపినందుకు నాదీ ఖలాస్.”

మూడు రోజులు ఆమెకి తిండి సయించలేదు. ఫోన్ మోగితే ఉలికిపాటు. ముదీర్ దగ్గితే చేతిలో చీపురు జారిపోయేది. పోల్చి చూస్తారేమోనని బొట్టుబిళ్ళ పెట్టుకోవడమే మానేసి కుంకుమకి మారింది.

నాలుగో రోజు సాయంత్రం ఆ పుస్తకం ప్రదర్శన మొదలైంది. ఫొటో తీసిన పేజీని పెద్ద తెరమీద వేశారు. దాన్ని చూసి నేర్చుకున్న పాటగాళ్ళు ఎనిమిదిమంది పాట ఎత్తుకున్నారు. మంచినీళ్ళ ట్రేతో వెనక నిలబడ్డ విజయదుర్గకి ముక్క అర్థం కాలేదు. ఒకచోట మాత్రం వాళ్ళ గొంతులు ఉన్నట్టుండి ఆకాశానికి లేచాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పై దేశం నుంచి వచ్చిన తెల్లగడ్డం ప్రొఫెసరు మైకు అందుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ తెరమీద ఒక గుర్తు దగ్గర కర్ర ఆనించాడు. మిగతావన్నీ నలుపలకలుగా ఉన్నాయి. అదొక్కటే గుండ్రం.

ఒంటిచేత్తో ట్రే పట్టుకుని, రెండో చేత్తో నుదురు తడుముకుంది విజయదుర్గ.

“ఏటంటన్నాడండీ ఆయన?”

పక్కనే ఉన్న బాషా ఆమె చెవి దగ్గరికి వంగాడు. “ఈ పాట శానా పుస్తకాల్లో ఉందంట. ఈ స్వరం మాత్రం లోకంలో ఇంకే పుస్తకంలోనూ లేదంట. దాన్ని పెట్టిన సన్యాసి ఎవరో కనుక్కునేదాకా దుబాయ్ వదిలి పోడంట!”