నిలబడి అరిగిన పంపు

కోదాడ శివారులోని రిపేరు షెడ్డుకు ఆ పంపు లారీ మీద వచ్చింది. ఒక అణు విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లు కాచుకుని ఉన్న పంపు. అక్కడి పెద్ద పంపులు ఆగిపోతే రియాక్టరును చల్లబరిచే నీళ్లు పంపాల్సింది ఇదే. ఆ అవసరం ఎన్నడూ రాలేదు. నెలకోసారి పరీక్షకు తిప్పేవాళ్లు, అంతే.

"తిరగకుండనే బేరింగులు గిట్లెట్ల అరిగినయి సారూ?" అని మెకానిక్ సైదయ్య అడిగాడు.

"పక్క మిషన్ల అదురుకు," అన్నాడు ఇంజనీరు సుధాకర్. "నిలబడే అరిగింది. రోజూ షాఫ్టును చేత్తో పావు చుట్టు తిప్పు. ఒక్క కాడనే గుంటలు పడకుండ ఉంటది."

సాయంత్రం సైదయ్య షాఫ్టు తిప్పి, పైన సుద్దతో గీత పెట్టాడు. తిప్పుతుంటే అరిగిన బేరింగు కరకరలాడింది.

రాత్రి షెడ్డులో ఒక్కడే కాపలా పడుకున్నాడు. రెండింటప్పుడు అదే కరకర వినబడింది. లేచి లైటు వేశాడు. పంపు నుంచి విప్పిన మోటారు ఒక మూలన పడి ఉంది. పంపుకు కరెంటు తీగ కూడా లేదు. అయినా సుద్ద గీత మెల్లగా కిందికి దిగి, అవతలి పక్కనుంచి పైకి వచ్చింది.

ఆపుదామని చెయ్యి చాచాడు. ఇది ఎలాంటి ఆపదలో తిరగాల్సిన పంపో అతనికి గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వేగం పెరిగింది. గీత తెల్లటి వలయమైంది. సైదయ్య తలకు చుట్టిన తువ్వాల విప్పి, గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"గా రియాక్టరు కాడ ఏమైందో ఏమో," అన్నాడు మెల్లగా. "ఆగకు తల్లీ. ఆగకు."