పన్నెండో చుక్క

"ఇంత కష్టపడి డేటా తెస్తే, ఈ ఒక్క చుక్క అక్కడెందుకు పడింది?" అన్నాడు శశిధర్.

స్కూల్లో ఇచ్చిన స్టాట్స్ అసైన్‌మెంట్ కూతురు అమృతది. డేటా మాత్రం తండ్రిది. తాముంటున్న రోటోటూనా పేటలో పదకొండు మంది తెలుగు తండ్రులకు ఫోన్లు చేసి, వాళ్ళ పిల్లల ట్యూషన్ గంటలూ లెక్కల మార్కులూ సేకరించాడు. పిల్లలెలా ఉన్నారని అడగడం మర్చిపోయాడు గానీ, మార్కులు మర్చిపోలేదు.

అడ్డంగా గంటలు, నిలువుగా మార్కులు. లాప్‌టాప్ తెరమీద పదకొండు చుక్కలు దారం కట్టి లాగినట్టు పైకెక్కాయి.

"చూశావా! ట్యూషన్ పెరిగేకొద్దీ మార్కులే. నీకు వారానికి ఇంకో రెండు గంటలు పెట్టిస్తా."

"మరి ఈ పన్నెండోది? ట్యూషన్ పది గంటలు, మార్కులు నలభై ఒకటి."

"ఎవడో మొద్దు వెధవ. డిలీట్ చెయ్యి, గీత పాడైపోతోంది."

"నేనే నాన్నా అది."

శశిధర్ తెర దగ్గరికి వంగాడు.

"మిగతావన్నీ వాళ్ళ నాన్నలు చెప్పిన మార్కులు. ఇదొక్కటే నేను చెప్పింది."

ఆ పదకొండు చుక్కలనూ శశిధర్ మొదటిసారి అనుమానంగా చూశాడు. ఫోన్ చేసిన ప్రతి తండ్రికీ, అమృతకు తొంభై రెండు వచ్చాయని తనూ చెప్పాడు. అమృతను అడగకుండానే.