తడి మడమ

వట్టి కాళ్ళతో పరిగెత్తడం నాకు నేర్పింది బాబాయే. సిమెంటు బాట మొదట్లో నీళ్ళ బకెట్ పెట్టి, పాదాలు ముంచి పరిగెత్తమంటాడు. తర్వాత టార్చి వేసి తడి అడుగులు ఒక్కొక్కటే చూస్తాడు.

"వేళ్ళ వైపే పడాలి. మడమ పడిందా, ఆదివారం పందెం మర్చిపో. మళ్ళీ మోకాలు పట్టేస్తే కుట్టు మిషన్ తొక్కేదెవరు?"

ఆ రాత్రి మైదానంలో మేమిద్దరమే. గేటుకు లోపలి నుంచి తాళం వేశాం. నా అడుగుల చప్పుడు నాకే వినిపించనంత తేలిగ్గా పరిగెత్తాను. అయినా వెనకాల ఎక్కడో ధబ్ ధబ్‌మని వినిపించి ఆగిపోయింది. తిరిగి చూస్తే, బాబాయ్ బూట్లతో బకెట్ పక్కనే కూర్చుని ఉన్నాడు.

టార్చి వెలుగు బాట మధ్యలో ఆగింది.

"ఇదేంటే?"

నా అడుగుల పక్కనే నిండు మడమ పడిన అడుగు. మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా? కుట్టుపని దాన్ని, జేబులో టేపు లేకుండా గడప దాటను. తీసి కొలిచాను. నా పాదం తొమ్మిది అంగుళాలు. ఆ గుర్తు పన్నెండు.

"హమ్మయ్య! నాది కాదు బాబాయ్!"

"బతికించావు. అయితే ఆదివారం పరిగెడుతున్నావు."

ఇద్దరం నవ్వుకుంటూ గేటు వైపు నడిచాం. తాళం తీస్తుంటే, వెనక బకెట్లో ఎవరో పాదం ముంచిన చప్పుడైంది.

బాబాయ్ తిరిగి చూడలేదు.

"మడమల మీద పరిగెత్తేవాడు నిన్నందుకోలేడులే," అన్నాడు మెల్లగా. "పరిగెత్తు."