సన్నగొంతు

పల్లవి పూర్తి కాకుండానే రేడియో నోరు మూసుకుంది.

కరీమున్ రోటి దగ్గర నుంచి లేచింది. పచ్చడి చెయ్యి కడుక్కోకుండానే గదిలోకి వచ్చింది. ఆమెకెంతో ఇష్టమైన సన్నగొంతు గాయని పాట అది. వారానికి ఒకసారి వేస్తారో లేదో.

“సగంలో కట్టేశారేంటండీ?”

రేడియో పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్న బాజీ ఆమె ముఖంలోకి చూశాడు. “పాటా అది? ఉందా లేదా అన్నట్టుంటుంది ఆ గొంతు.”

“మీరేనా ఈ మాటంటోంది?”

“నేనే. అందులో బరువు లేదు. మంద్రంగా పాడతాడే, ఆయన పాట విను. పెట్టె కూడా అదురుతుంది.”

“నాకోసమైనా ఉంచకూడదా?”

“పచ్చడి నూరుకుంటూ వినేదానికి ఏ పాటైతేనేం?”

వసారాలోంచి అత్త లాల్‌బీ అందుకుంది. ఆవిడ మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినపడుతుంది. “పాటల కోసం తగువులాడుకునే మొగుడూ పెళ్ళాల్ని ఈ కొంపలోనే చూస్తున్నా. ఆ డబ్బా తీసుకెళ్ళి మిరప కల్లంలో పారేస్తే పీడా పోతుంది.”

బాజీ నవ్వాడు. కరీమున్‌కి నవ్వు రాలేదు. ఇది పాట తగువు కాదని ఆమెకు తెలుసు.

ఐదేళ్ళ కిందట చీరాలలో, పినతండ్రి కూతురి పెళ్ళిలో, ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆ గాయని పాటే పాడింది కరీమున్. తెర అవతల భోంచేస్తున్న బాజీ చెయ్యి ఆపి, ఎవరా పాడేదని అడిగాడట. మర్నాడే తల్లిని సంబంధానికి పంపాడు. ముఖం చూడలేదు. గొంతు విని చేసుకున్నాడు. ఆమె కాపురానికి రాగానే ఎవరో వాడి వదిలేసిన రేడియో ఒకటి కొన్నాడు. అదీ ఆ గాయని కోసమే. పాటలో ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుందో కూడా చెప్పేవాడు.

ఆ చెవికి గుంటూరులో పేరుంది. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో ఫిట్టరతను. అంత హోరులోనూ గుమ్మంలో నిలబడి, ఏ జిన్ను మిషనుకు ఏం జబ్బు చేసిందో చెప్పేవాడు. టీ హోటల్లో పాటల మీద వాదన ముదిరితే “బాజీని అడగండ్రా” అనేవాళ్ళు.

అలాంటి మనిషి ఈ పత్తి సీజను మొదలైనప్పటి నుంచి మారిపోయాడు. ఆ మంద్రం గొంతాయన పాట వస్తే చాలు, రేడియో మర చివరికంటా తిప్పుతాడు. పక్కింటివాళ్ళు సణుగుతున్నా లెక్కచెయ్యడు. సన్నగొంతామె మొదలెట్టిందా, కట్టేస్తాడు.

మొన్న ఆదివారం మైకుసెట్టు తోమా వచ్చాడు. పెళ్ళిళ్ళలో మైకు హోరు మధ్య బతికీ బతికీ, అతను మెల్లగా మాట్లాడటం ఏనాడో మరిచిపోయాడు.

“ఏరా, పార్టీ మార్చావంట?” అన్నాడు గుమ్మంలోంచే. “ఆవిడ పాట ఎలా వినాలో నాకు నేర్పిందే నువ్వు కదరా. ఆవిడ రికార్డు వెయ్యకపోతే పెళ్ళి పందిట్లోనే నా మీద పోట్లాటకొచ్చేవాడివి.”

“అప్పుడు కుర్రతనం,” అన్నాడు బాజీ. “మనిషన్నాక రుచి మారదా?”

“మారుతుంది. మరీ ఇంతగానా?” తోమా నవ్వేసి వెళ్ళిపోయాడు.

ఆ మాట మాత్రం కరీమున్ గుండెలో ముల్లులా ఉండిపోయింది. రుచి మారింది పాటల్లోనేనా? ఈమధ్య వంటింట్లోంచి ఏం చెప్పినా పట్టించుకోడు. ఎదురుగా నిలబడి మాట్లాడితే, ముఖంలో ఏదో లోపం వెతుకుతున్నట్టు చూస్తాడు. మనసు ఇంకెవరి మీదైనా పడిందా?

గురువారం సాయంత్రం తెగించి ఒక పరీక్ష పెట్టింది. బాజీ పెరట్లో అటు తిరిగి కూర్చుని మంచానికి నవారు బిగిస్తున్నాడు. ఆమె తలుపు చాటున నిలబడి, ఆనాటి పెళ్ళిలో పాడిన పాట ఎత్తుకుంది. ఒకప్పుడు ఆ పాట అందుకుంటే ఎక్కడున్నా వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు.

పల్లవి అయింది. చరణం అయింది. నవారు లాగే చేతులు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఆమె పాట ఆపేసింది. ఎందుకు ఆపిందా అని కూడా అతను తిరిగి చూడలేదు.

ఆ పూటే ట్రంకు పెట్టెలో చీరలు సర్దుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బాజీ వేళ కాని వేళ మిల్లు నుంచి వచ్చేశాడు. చొక్కాకు అంటుకున్న దూది కూడా దులుపుకోలేదు. తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు. కరీమున్ అన్నం పెట్టి, పచ్చడి వేసింది. తలెత్తితే ఏడుపొస్తుందని కంచంలోకే చూస్తూ చెప్పింది.

“రేపు చీరాల వెళ్ళిపోతున్నా. ఇక రాను. నా గొంతు కూడా చేదైపోయిన చోట నేనుండలేను.”

లాల్‌బీ చేతిలో ముద్ద ఆగిపోయింది. బాజీ మాత్రం అన్నం కలుపుతూనే ఉన్నాడు.

“ఒరేయ్, నిన్నేరా,” అని అరిచింది లాల్‌బీ. “పెళ్ళాం పుట్టింటికి పోతానంటుంటే ముద్దెలా దిగుతోందిరా నీకు?”

బాజీ తలెత్తాడు. తల్లి ముఖం చూశాడు. తర్వాత కరీమున్ పెదాల వైపు చూశాడు. కంచం పక్కకు జరిపాడు.

“రేపట్నుంచి నేను మిల్లుకి వెళ్ళను,” అన్నాడు.

“ఏమొచ్చిందిరా?”

“ముందు ఆ సన్నగొంతామె వినపడటం మానేసిందమ్మా, తర్వాత కరీమున్ మానేసింది, ఇవాళ మిషన్లు కూడా మానేశాయి.”