జయలక్ష్మమ్మ సాక్ష్యం

"పెద్దమ్మా! వీసా ఆఫీసరు వస్తా ఉండాడు, మన వీధికే!"

చేతిలో కొత్తిమీర కట్టతో జయలక్ష్మమ్మ మేడమెట్లు ఎక్కి పరుగున వచ్చింది. పైగదిలో ముగ్గురున్నారు. ఇంటావిడ కమలమ్మాళ్ మంచం మీద కూర్చుని తమలపాకు ఈనె తీస్తోంది. ఆవిడ మనవడు ఉదయకుమార్, వాడు వచ్చే నెల పెళ్ళాడబోయే నందిత, లావుపాటి కంప్యూటర్ ముందు కుర్చీలు వేసుకుని ఉన్నారు.

"ఎవురు చెప్పినారు అత్తా?" అన్నాడు ఉదయకుమార్. ముఖం పాలిపోయింది.

"జిరాక్సు కొట్టు రంగరాజన్. ఆఫీసరు ఆయన్నే దోవ అడిగినాడంట. చదువుకుంటామని వీసా తీసుకోని, ఇంట్లో కూర్చోని ఫ్రాన్సు కంపెనీకి కంప్యూటర్లో పని చేసేవాళ్ళను పడతా ఉండారంట. దొరికితే విమానం ఎక్కించేస్తారంట!"

కమలమ్మాళ్ చేతిలోని ఆకు జారి కింద పడింది. "అయ్యో, పెళ్ళి పెట్టుకోనుండామే!"

జయలక్ష్మమ్మ గబగబా వెళ్ళి నందిత భుజం పట్టుకుంది. పాండిచ్చేరిలోనే ఉన్న మురుంగపాక్కం నుంచి వచ్చి ఈ ఒర్లియంపేట ఇంట్లో కింది వాటాలో అద్దెకు దిగి ఆరునెలలైంది. ఆ మొదటి రోజు నుంచీ నందితంటే ఆమెకు ప్రాణం. మీగడ రంగు, పిల్లికళ్ళు, మొక్కజొన్నపీచు లాంటి జుట్టు. నోరు తెరిస్తే మాత్రం అచ్చం ఒర్లియంపేట తెలుగు. పొద్దున్నే పుస్తకాల సంచీ తగిలించుకుని సైకిలెక్కుతుంది. సాయంత్రం ఇక్కడికి వస్తుంది. ఇక పైనుంచి ఫ్రెంచి మాటలు, కీబోర్డు టకటకలు. పాపం, ఆ పిల్ల కష్టమంతా పెళ్ళిఖర్చుల కోసమేనని జయలక్ష్మమ్మ ఎవరూ చెప్పకుండానే గ్రహించేసింది.

ఆమెకు మింగుడుపడనివాడు ఉదయకుమారే. కమలమ్మాళ్ గొప్పలు వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. మావారు పట్టాభిరామన్ ఫ్రెంచి పటాలంలో ఇంత, మా అబ్బాయి ఫ్రాన్సులోని తూలోన్‌లో అంత, మనవడు అక్కడి ఆసుపత్రిలో పుట్టినప్పుడు నాలుగు కిలోలు! నాలుగు కిలోలు పుడితే ఏం లాభం? పాతికేళ్ళు దాటినా కాలేజీకి పోవడం, తినడం, ఈ పిల్ల పక్కన కూర్చోవడం. ఆ మాట ఒకసారి నోరుజారి అన్నందుకు కమలమ్మాళ్ వారంపాటు మాట్లాడలేదు.

"అత్తా, అసలు సంగతేందంటే..." అని మొదలుపెట్టాడు ఉదయకుమార్.

"నువ్వు గమ్మునుండు అబ్బాయా. నందితా, నువ్వు భయపడబాక."

"నాకేం భయం అత్తా? నేను పుట్టిందే ఈ ఊళ్ళో."

"అదీ చెప్పు. నీ రంగు చూసినాక గూడా నమ్మితే మన అదృష్టం."

ఇంతలో మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఆఫీసరు త్యాగరాజన్ ఫైలుతో లోపలికి వచ్చాడు. తమిళంలో ఏదో అడగబోయి, వీళ్ళ మాటలు విని, "తెలుగోళ్ళా? మా ఇంట్లోనూ ఇదే" అంటూ కుర్చీ లాక్కున్నాడు. ఫైలు తిరగేసి, ఎదురుగా ఉన్న జంటను ఒకసారి చూశాడు.

"స్టూడెంట్ వీసా విషయంగా ఎంక్వైరీ. ఇరుగుపొరుగును గూడా అడగాల. మీరెవురు?"

"కింది వాటా సార్. ఏం కావాలన్నా నన్నే అడగండి. వీళ్ళు మొగమాటస్తులు."

"ఈ కంప్యూటర్ ఎవురిది?"

జయలక్ష్మమ్మ కంప్యూటర్‌కు అడ్డంగా జరిగింది.

"నాది సార్," అంది జయలక్ష్మమ్మ.

"మీదా?"

"జాతకాలు చూస్తా. కింద ఎలకలు వైర్లు కొరుకుతా ఉండాయని ఈడ పెట్టించినా."

"అట్లనా? అయితే నాది చూడండి."

"రాహుకాలంలో దాన్ని ముట్టను సార్. అయినా మీకు కంప్యూటర్ యెందుకు? మొగం చూస్తానే తెలుస్తా ఉంది. మీకు ప్రమోషను రావాల్సింది, ఎవురో అడ్డం పడినారు."

త్యాగరాజన్ కుర్చీలో ముందుకు జరిగాడు. "నిజమేనమ్మా! రెండుసార్లు!"

"మూడోసారి ఆగదు సార్."

ఆఫీసరు ముఖం వికసించింది. అయినా డ్యూటీ డ్యూటీయే. "సరే. ఈ అబ్బాయి ఏం చేస్తా ఉంటాడు?"

జయలక్ష్మమ్మ మనసులో లెక్క వేసుకుంది. వీడికేదో ఉద్యోగం ఉందంటే ఏ కంపెనీ, ఎక్కడ అని అడుగుతాడు. తీగ లాగితే డొంకంతా కదిలి నందిత దాకా వస్తుంది. అందుకని ఆరునెలలుగా కడుపులో దాచుకున్నదంతా వెళ్ళగక్కింది.

"వీడా? ఏమీ చెయ్యడు సార్! ఇంత సోంబేరిని ఈ పాండిచ్చేరిలోనే నేను చూళ్ళేదు. కాలేజీ, తిండి, నిద్ర. ఒక్క పైసా సంపాదన లేదు. ఈ బంగారుతల్లిని యెట్ల సాకుతాడో అని నాకు దిగులు."

అనేసి నాలిక కరుచుకుని కమలమ్మాళ్ వైపు భయంభయంగా చూసింది. ముసలావిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"నిజం సార్. వట్టి సోంబేరి. నా ఖర్మ."

జయలక్ష్మమ్మ నోరెళ్ళబెట్టింది. ఉదయకుమార్ తల ఇంకా కిందికి దించాడు. సిగ్గులేనివాడు, భుజాలు కదులుతున్నాయి, లోలోపల నవ్వుతున్నట్టున్నాడు. నందిత కిటికీ వైపు తిరిగి పెదవి కొరుక్కుంటోంది.

"కాలేజీకి సరిగ్గా పోతాడా?"

"సెలవురోజు గూడా పోతాడు సార్, ఇంట్లో పని చెప్తారని!"

త్యాగరాజన్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఫైల్లో చకచకా రాశాడు.

"చాలమ్మా. ఇంతకన్నా మంచి సాక్ష్యం యాడ దొరుకుతుంది? చదువు ఉంది, ఉద్యోగం లేదు. వీసా ఇంకో ఏడాది పొడిగించొచ్చని రాసేసినా. పెళ్ళి బాగా చేసుకోండి. ఆ పాస్‌పోర్టు ఒకసారి ఇస్తే నంబరు వేసుకోని పోతా."

జయలక్ష్మమ్మకు ఏనుగెక్కినంత సంబరమైంది. తన నోటి బలంతో ఒక పెళ్ళి నిలబెట్టింది!

"పోయి ఎత్తుకురా నందితా," అంది గర్వంగా.

నందిత కదల్లేదు.

ఉదయకుమార్ బీరువా తెరిచి తన ఫ్రెంచి పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చాడు.