ఒంటిచేతి తురుముపీట

తురుముపీట గిర్రున తిరిగింది. ముల్లంగి ముక్క జారి నేలమీద పడింది.

"క్షమించండి," అంది చివరి బల్ల దగ్గర నిలబడ్డ కుమకురా గారు. ప్రకటన చూసి వచ్చిన మనిషి, ఊళ్ళో ఎవరికీ పెద్దగా తెలియదు.

లేని నవ్వు తెచ్చుకుని చిగుసా ముక్క తీసిచ్చింది.

త్సుబామె ఊళ్ళోని ఆ వంటసామాన్ల కార్ఖానాలో ఒంటిచేతి తురుముపీటకు రూపం ఇచ్చింది చిగుసాయే. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన తల్లి మళ్ళీ తన చేత్తో తను ముల్లంగి తురుముకోవాలి. చిగుసా తాపత్రయమంతా అందుకే.

తల్లి మాత్రం తురుముపీటను పరీక్షించడానికి కార్ఖానాకు రానంది. "నా అవిటితనం నలుగురికీ చూపించుకోనే. పూర్తయ్యాక ఇంటికి తే."

అందుకని ఊళ్ళో ఇల్లాళ్ళను పిలిచారు. కుడి మణికట్టును తువ్వాలుతో నడుముకు కట్టేసుకుని, ఎడమచేత్తో తురమాలి.

"నాకు కట్టక్కర్లేదండీ. ఇలా జేబులో పెట్టుకుంటాను," అంది కుమకురా గారు.

"మా ఆయనకు రెండు చేతులున్నా ఒక్క ముల్లంగి తురమడు," అంది పక్క బల్ల ఆవిడ.

అందరూ ఘొల్లుమన్నారు. కుమకురా గారు కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

"ఇది తిరుగుతోందండీ."

"ఇంకొంచెం గట్టిగా నొక్కండి," అంది చిగుసా.

"నొక్కితేనే తిరుగుతోంది... పోనీలెండి. నాకే చేతకావడం లేదు."

మిగతావాళ్ళందరూ భేషుగ్గా ఉందన్నారు.

యజమాని నగుమో గారు చిగుసాను పక్కకు పిలిచాడు. "ఆ చివరి ఆవిడ సంగతేమిటి?"

"వంట అలవాటున్న మనిషిలా లేదండీ. ఆవిణ్ణి లెక్కలోంచి తీసేద్దాం."

"చూసుకో మరి. ఉక్కు అచ్చు ఒకసారి కోశాక మార్చలేం."

"ఫరవాలేదండీ."

కట్లు విప్పి టీ ఇచ్చారు. ఆడవాళ్ళు చేతులు విదిలించుకుని గిన్నెలు రెండు చేతులా పట్టుకున్నారు. కుమకురా గారు ఎడమచేత్తోనే తాగింది. చివర్లో ఇచ్చిన కానుక పొట్లం కూడా ఎడమచేత్తోనే అందుకుంది.

చిగుసాకు ఒళ్ళు మండింది. ఇచ్చినది రెండు చేతులా అందుకోవాలని పసిపిల్లలకైనా తెలుసే! ఈ వయసులో ఇంత పెడసరమా?

"మళ్ళీ ఒకసారి వచ్చి ప్రయత్నించనా అండీ?"

"అక్కర్లేదండీ. పరీక్ష అయిపోయింది."

ఆమె నడుం వంచి నమస్కరించి, వానలోకి వెళ్ళిపోయింది.

శరత్తులో, సన్మా చేపలు బజారుకొచ్చే రోజులకు తురుముపీటలు కొట్లకు చేరాయి. చిగుసా మొదటిది తల్లికి తెచ్చింది.

తల్లి చచ్చుబడిన కుడిచేతిని వంట గౌను జేబులోకి దోపుకుంది. పెట్టెను ఎడమచేత్తో అందుకుంది. పొయ్యిమీద చేప చిటపటలాడుతోంది.

"ఇవాళ చేపతో నంజుకునే ముల్లంగి నేనే తురుముతా. నువ్వు ముట్టుకోకు."

నొక్కింది. తురుముపీట గిర్రున తిరిగింది. మళ్ళీ నొక్కింది. ముల్లంగి నేలమీద పడింది.

"అమ్మా, కుడి మోచేత్తో కాస్త ఆపి..." అంటూనే చిగుసా నాలిక కరుచుకుంది.

పరీక్షలో మణికట్లు కట్టేసుకున్న ఆడవాళ్ళందరూ, తమకే తెలియకుండా, మోచేత్తో పీటను ఆపుకున్నారు. అమ్మకు ఆ మోచెయ్యి ఎక్కడిది?

"పోనీలేవే. నాకే చేతకావడం లేదు," అంది తల్లి.

చిగుసా నగుమో గారికి ఫోన్ చేసింది.

"అచ్చు కోసేశాం కదమ్మా. సరుకు కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడేం చేస్తాం?" అన్నాడాయన. కుమకురా గారిల్లు ఎక్కడో అడిగితే ఆయనకూ తెలియదు.

వంటింట్లో చేప మాడు వాసన వేస్తోంది. తల్లి జేబులో కదలకుండా పడున్న చేతిని చూస్తూ చిగుసా అలాగే నిలబడిపోయింది.

ఆ రోజు టీకి ముందు అందరూ కట్లు విప్పుకుని చేతులు విదిలించుకున్నారు. కుమకురా గారి చేతికి మాత్రం విప్పడానికి కట్టే లేదు; అయినా అది జేబులోంచి బయటికి రాలేదు.